జూలై 1 నుంచి కొత్త కార్యవర్గం: 3 లక్షలు, 22 కార్యక్రమాలు. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి? (విశాఖ)

గాజువాక కార్యదర్శి:

నమస్కారమండీ. మా సేవా క్లబ్బులో 38 మంది సభ్యులు. జూలై 1న కొత్త కార్యవర్గం బాధ్యత తీసుకుంటుంది. చందాలు, విరాళాలు కలిపి సేవకి ఏడాదికి 3 లక్షలు చేతిలో ఉంటాయి. ముసాయిదాలో 22 కార్యక్రమాలు రాసుకున్నాం. సింహాచలం గిరి ప్రదక్షిణలో మజ్జిగ, రక్తదానం, మన్యంలో కంటి శిబిరం, సర్కారు బడికి ఆర్వో ప్లాంటు, మొక్కలు, దుప్పట్లు, నోటు పుస్తకాలు, వృద్ధాశ్రమంలో భోజనాలు... ఇలా. ఏది నిలబడుతుంది, ఏది ఫొటోతో అయిపోతుంది, ఎక్కడ తేడా కొడుతుంది, ఎంత సరుకు కావాలి, తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి. అభినందనలు వద్దండీ, లెక్కలు కావాలి.

మాధవధార మాస్టారు:

ముందు భాగహారం చేయండి. 3 లక్షల్ని 22తో భాగిస్తే ఒక్కోదానికి 13,600. అందులో ఫ్లెక్సీ, షామియానా, మైకు, వచ్చిన పెద్దలకి శాలువా, టిఫిన్లు తీసేస్తే సేవకి ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. ఐదు ఉంచి తక్కినవి కొట్టేయడమే.

ఏ ఐదు అంటారా? కాగితం మీద కార్యక్రమం పేరు రాసి ఎదురుగా రెండు గళ్లు గీయండి. మొదటి గడిలో ఆ రోజు పని చూసేవాళ్ల పేరు. రెండో గడిలో మర్నాటి నుంచి ఆ పని చూసేవాళ్ల పేరు. మొదటి గడికి పేర్లు పోటీపడి వస్తాయి. రెండోది ఖాళీగా ఉంటే ఆ కార్యక్రమం తీసేయండి. మజ్జిగ స్టాలుకి రెండో గడి పెద్దగా అక్కర్లేదు, తాగినవాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతారు (చెత్త మాత్రం అక్కడే ఉంటుంది, దానికో పేరు రాయండి). కంటి శిబిరానికి, ఆర్వోకి, మొక్కలకి రెండో గడే అసలు పని.

దుప్పట్లు విశాఖ నగరంలో పంచడం నాకెప్పుడూ అర్థం కాదు. చలి లంబసింగిలో, చింతపల్లిలో, పాడేరులో. ఇస్తే అక్కడే, నవంబరు ఆఖరులోపే ఇవ్వాలి. సంక్రాంతి ముందు ఇస్తే చలి సగం అయిపోయాక ఇచ్చినట్టు.

అప్పుఘర్ అల:

గిరి ప్రదక్షిణ సంగతి నేను రాస్తాను. మీ కొత్త కార్యవర్గానికి మొదటి పరీక్ష అదే. ఆషాఢ పౌర్ణమి జూలైలోనే పడుతుంది, పదవి తీసుకున్న రోజుల వ్యవధిలోనే వచ్చి నెత్తి మీద కూర్చుంటుంది. కాబట్టి పని జూన్ మొదట్లోనే మొదలుపెట్టండి, పాత కార్యవర్గంతో కలిసి.

చతుర్దశి నాడు తొలిపావంచా (కొండ కింద తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ సింహాచలం. 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా, రాత్రంతా. స్టాళ్లన్నీ మొదటి సగంలోనే, అదీ సాయంత్రం పూటే కిక్కిరిసి ఉంటాయి. నడిచేవాళ్లకి నిజంగా నీళ్లు కావలసింది అర్ధరాత్రి దాటాక, మాధవధార నుంచి గోపాలపట్నం వరకు. అప్పటికి సగం స్టాళ్లు గిన్నెలు కడుక్కుని వెళ్లిపోయి ఉంటాయి. మీది గాజువాక, ఎన్ఏడీ మీకు దగ్గరే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అక్కడ పెట్టండి. ఫొటోలు బాగా రావు, అంతే.

సరుకు లెక్క ఇదీ. 5,000 గ్లాసులు, గ్లాసుకి 150 మిల్లీలీటర్లు, మొత్తం 750 లీటర్లు. పెరుగు ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు. అంటే పెరుగు సుమారు 190 కిలోలు, నీళ్లు 560 లీటర్లు, 20 లీటర్ల టిన్నుల్లో 28. చేతులు కడగడానికి, గ్లాసులు కడగడానికి నీళ్లు వేరే. ఉప్పు లీటరుకి 5 గ్రాములు, దాదాపు 4 కిలోలు. చెమట కారి నడిచేవాళ్లకి ఈ పాటి ఉప్పు ఉండాలి, ఇంట్లో తాగే మజ్జిగ కన్నా కొంచెం ఎక్కువే. అల్లం 3 కిలోలు, పచ్చిమిర్చి కిలో చాలు. రెండూ రుబ్బి గుడ్డలో వడకట్టి రసం మాత్రమే కలపండి. పిప్పి పడితే డ్రమ్ము కుళాయి గంటలోనే మూసుకుపోతుంది, కరివేపాకు కూడా అంతే.

మొత్తం ఒకేసారి కలపొద్దు. 100 లీటర్ల చొప్పున కలిపి, ఒక్కో విడత రెండు గంటల్లో అయిపోయేలా చూసుకోండి. జూలై రాత్రి ఉక్కలో కలిపిన మజ్జిగ తొందరగా పులుస్తుంది. పెరుగు బకెట్లు ఐసు టబ్బులో ఉండాలి. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది: ఫిషింగ్ హార్బరు వైపు దొరికే దిమ్మ ఐసు చేపలకి, తాగడానికి కాదు. అది బకెట్ల బయట ఉండాలి తప్ప మజ్జిగలో పడకూడదు. పగలగొట్టి లోపల వేసేశారంటే అంత శ్రమపడి రోగం పంచినట్టే.

కౌంటరు రోడ్డుకి ఎదురుగా కాదు, రోడ్డు వెంబడి పొడుగ్గా వేయాలి. 20 అడుగుల బల్ల, మీద ట్రేలు, ట్రేల్లో ముందే పోసిన గ్లాసులు. రద్దీలో నిమిషానికి 20 మంది వస్తారు, అడిగాక పోస్తే జనం ఆగిపోతారు, వెనక నుంచి తోపులాట. కూడలిలో పెట్టొద్దు, కూడలి దాటాక 50 మీటర్ల అవతల పెట్టండి. చెత్తడబ్బా స్టాలు పక్కన పెడితే దండగ. తాగుతూ నడుస్తారు కాబట్టి నడక దిశలో 15 మీటర్ల దగ్గర ఒకటి, 30 దగ్గర ఒకటి, 50 దగ్గర ఒకటి. ప్లాస్టిక్ గ్లాసులు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. స్టీలు గ్లాసులు 400 అద్దెకి తెచ్చి, మూడు టబ్బులతో కడిగే ఏర్పాటు చేసుకుంటే మంచిది. అది కుదరకపోతే పేపరు కప్పులు.

అనుమతి కోసం దేవస్థానానికి, ట్రాఫిక్ పోలీసులకి, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జోనల్ ఆఫీసుకి మూడు ఉత్తరాలు. వాన పడుతుంది, పడదనుకోవద్దు: టార్పాలిన్, కరెంటు తీగ నేల మీద కాకుండా కర్రల మీదుగా.

కేజీహెచ్ డౌన్:

పై పోస్టుకి ఒక చేర్పు. మజ్జిగ పక్కనే పాదాల బల్ల ఒకటి వేయండి, ఎన్ఏడీ దగ్గర మజ్జిగ కన్నా దానికే గిరాకీ. రెండు కుర్చీలు, శుభ్రమైన నీళ్లు, సబ్బు, పోవిడోన్ అయొడిన్, గాజ్ (పుండు మీద వేసే పలుచటి గుడ్డ), టేపు. బొబ్బ పొడవొద్దు. పొడిస్తే తడి రోడ్డు మీద ఇన్‌ఫెక్షను ఖాయం, కడిగి, గుడ్డ వేసి, టేపు అంటించి పంపండి. షుగరు ఉన్నవాళ్లని అడిగి తెలుసుకుని, పాదం తెగితే ఇక నడవొద్దని గట్టిగా చెప్పండి. వాళ్లలో కొందరికి నొప్పి తెలీదు, అదే ప్రమాదం. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలోనే కలపాలి, పొడి గ్లాసులో కలిపి ఇవ్వకూడదు. అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకి బదులు కీడు. కాళ్లు పట్టేస్తే సాగదీయడం, కూర్చోబెట్టడం. చెమట ఆగిపోయి మాట తడబడితే ఆలోచించకుండా 108.

ఇక రక్తదానం. ఇందులో క్లబ్బులు చేసే పొరపాటు తేదీ దగ్గరే మొదలవుతుంది. జూన్ 14 ప్రపంచ రక్తదాతల రోజు, అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం, ఆపైన నాయకుల పుట్టినరోజులు. అందరూ అప్పుడే పెడతారు. ఎర్రకణాలు సంచిలో వాడిన ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకే వారంలో అందరూ ఇస్తే కొంత పారబోతే. కొరత ఉండేది వేసవిలో, కాలేజీలకి సెలవులిచ్చాక; ప్లేట్‌లెట్లకి డెంగీ కాలంలో. ముందు బ్లడ్ సెంటరుకి వెళ్లి, మీకు ఏ వారం ఖాళీగా ఉంది, ఎన్ని యూనిట్లు తీసుకోగలరు అని అడగండి. వాళ్లు 60 అంటే 60 దగ్గర ఆపేయండి. 200 సేకరించి రికార్డు అనిపించుకుంటే ఆ సంచుల బరువు వాళ్ల మీద పడుతుంది. మిగిలినవాళ్ల ఫోన్లు రాసుకుని తర్వాతి నెలకి పిలవండి.

కొలతలు: ఒక మంచానికి గంటకి నలుగురు. ఐదు మంచాలు, నాలుగు గంటలు అంటే లెక్కకి 80, చేతికి 60. వయసు 18 నుంచి 65, మొదటిసారి ఇచ్చేవాళ్లయితే 60 లోపు. బరువు 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్లు, 55 దాటితే 450 తీయొచ్చు. హిమోగ్లోబిన్ 12.5 తగ్గకూడదు. మగవాళ్లకి 90 రోజుల ఎడం, ఆడవాళ్లకి 120. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కాకపోతే వెనక్కి. ఖాళీ కడుపుతో రాకూడదు. శనివారం, ఏకాదశి, కార్తీక సోమవారం శిబిరం పెడితే ఉపవాసం ఉన్నవాళ్లు వచ్చి కళ్లు తిరిగి పడిపోతారు. పంచాంగం చూసి తేదీ పెట్టుకోండి, ముహూర్తానికి కాదు, ఉపవాసాలకి.

పడిపోయేది మంచం మీద కాదు. లేచి నాలుగడుగులు వేశాక, లేదా మెట్లు దిగుతుంటే. అందుకని శిబిరం మేడ మీద పెట్టొద్దు. ఇచ్చాక పావుగంట కూర్చోబెట్టి నీళ్లు, బిస్కెట్లు, అరటిపండు ఇచ్చాకే పంపండి. సర్టిఫికెట్ బల్ల ఆ కుర్చీల పక్కనే పెడితే ఎవరూ పరుగెత్తరు. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, కుర్చీలో కూర్చోబెట్టి మొహాన నీళ్లు కొట్టడం కాదు.

వాల్తేరు వాకర్:

దాతలకి హెల్మెట్టో బ్యాగో ఇస్తే జనం బాగా వస్తారండీ. ప్రోత్సాహం ఉండాలి కదా, అది కూడా తప్పంటారా?

కేజీహెచ్ డౌన్:

తప్పే. సంచికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి, నిజమే. కానీ కొత్తగా సోకినది మొదటి రోజుల్లో పరీక్షకి దొరక్కపోవచ్చు. ఆ సందులో మనల్ని కాపాడేది దాత నిజం చెప్పడమే. హెల్మెట్టు కోసం వచ్చినవాళ్లు ప్రశ్నలపత్రంలో నిజం రాయరు. మంచి కాఫీ ఇవ్వండి, బ్యాడ్జి ఇవ్వండి, చాలు.

ఏజెన్సీ బస్సు:

మన్యంలో కంటి శిబిరం గురించి. మొదటి సంగతి, ఆపరేషను శిబిరంలో జరగదు. బడి గదుల్లో, కల్యాణమండపాల్లో కోతలు కోసే కాలం పోయింది. అక్కడ చేసేది పరీక్ష, ఎంపిక మాత్రమే. ఆపరేషను విశాఖలో, ఆసుపత్రి థియేటరులోనే. అంటే మీ ఖర్చులో పెద్ద ముక్క బస్సు, భోజనం, వెనక్కి దించడం. మందులు, లెన్సు సంగతి ఆసుపత్రితో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

పరీక్ష వారపు సంత రోజున, సంతకి దగ్గరలో పెట్టండి, ఎలాగూ కొండ దిగి వస్తారు. ఆపరేషనుకి తీసుకెళ్లే రోజు మాత్రం సంత రోజు కాకూడదు, ఎవరూ బస్సెక్కరు. ఆశా కార్యకర్త లేకుండా పెట్టొద్దు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు, మన తెలుగు అనౌన్సుమెంటు వాళ్లకి అందదు.

చార్టు 6 మీటర్ల దూరంలో, అక్షరాలది కాదు, నాలుగు వైపులా తిరిగిన ఇంగ్లీషు 'E' గుర్తులది. చూపు, టార్చితో శుక్లం, కంటి ఒత్తిడి, కన్నీటి సంచి, బీపీ, షుగరు. బీపీ, షుగరు ఇక్కడే చూడకపోతే ఏమవుతుందంటే, ఘాట్ రోడ్డులో 100 కిలోమీటర్లు వచ్చాక థియేటరు గుమ్మంలో 'షుగరు ఎక్కువుంది, మందు వాడి నెలాగి రండి' అంటారు. ఆ మనిషి మళ్లీ రారు. వాళ్ల ఊళ్లో ఇంకెవరూ రారు.

దగ్గర చూపు కళ్లద్దాలు ఎవరూ పట్టించుకోరు గానీ, ఆపరేషను అక్కర్లేని నలభై దాటినవాళ్లకి అవే పెద్ద సాయం. విత్తనాలు ఏరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి. 100 జతలు కొంటే +1.00వి 10, +1.50వి 25, +2.00వి 30, +2.50వి 25, +3.00వి 10 ఉంచుకోండి. పెట్టి చూపించి సరిపోయిందే ఇవ్వాలి. సభ్యుల ఇళ్లలో పాత కళ్లద్దాలు పోగుచేసి తీసుకెళ్లడం మాత్రం మానండి, ఎవరి పవరు ఎవరికి సరిపోతుంది?

ఇంక అసలు పని. ఆపరేషను మర్నాడు కట్టు విప్పి చూస్తారు, తర్వాత వారానికి, నెలకి చూడాలి. చుక్కలు నాలుగైదు వారాలు, మొదట రోజుకి ఆరుసార్లు, తర్వాత తగ్గిస్తూ. 'బాగానే కనిపిస్తోంది' అని పదో రోజున ఆపేస్తారు, కన్ను ఎర్రబడి వాపొస్తుంది. కట్టెల పొయ్యి పొగ, దుమ్ము, చెరువు స్నానం, అన్నీ ఆ నెలరోజులు ప్రమాదమే. మాస్టారు చెప్పిన రెండో గడి ఇక్కడ కావాలి: వారం నాడు, నెల నాడు వైద్యుడే ఊరికి వెళ్లాలి, లేదా బస్సు మళ్లీ రావాలి. ఈ రెండు ట్రిప్పుల డబ్బు పక్కన పెట్టాకే శిబిరం తేదీ ప్రకటించండి.

మాధవధార మాస్టారు:

సేవా క్లబ్బులకి కంటి పని 1925 నుంచి అంటుకుంది. ఆ ఏడు అమెరికాలో లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలబడమని అడిగారు. పోలియో పని రోటరీది, 1985 నుంచి. మన దేశానికి 2014 మార్చి 27న పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. ఆ పని ఎలా జరిగిందో గుర్తుందా? ఆదివారం పోలియో బూత్‌లో చుక్కలు వేసి, ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. అంతటితో ఆపేస్తే పోలియో పోయేది కాదు. సోమవారం నుంచి ఇంటింటికీ తిరిగి, పిల్లలందరికీ పడిన ఇంటి గోడ మీద సుద్దతో 'పి', ఒక్క పిల్ల తప్పినా 'ఎక్స్' రాసేవారు. ఎక్స్ ఇళ్ల చిట్టా పట్టుకుని మళ్లీ వెళ్లేవారు. ఫొటోల్లో చుక్కలు వేసేవాళ్లున్నారు, రోగాన్ని తరిమింది మాత్రం ఆ చిట్టా. కంటి శిబిరానికి మీరూ ఎక్స్ చిట్టా రాసుకోండి: రానివాళ్లు, బీపీ వల్ల ఆగినవాళ్లు, వారం చూపుకి తప్పినవాళ్లు.

నీటి చుక్క:

ఆర్వో ప్లాంటు. ఏటండీ, బడి అనగానే ఆర్వోయేనా? ముందు 300 రూపాయల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు కొని బడి కుళాయి కింద పెట్టండి. తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ కోరదగిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు. నగరానికి వచ్చే నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి. చెరువు, నది నీళ్లలో ఉప్పు సమస్య కాదు. బురద, క్రిములు, పైపులో కలిసే మురుగు, అవీ సమస్యలు. వాటికి ఆర్వో అనవసరం, యూఎఫ్ (సన్న రంధ్రాల వడపోత), యూవీ (క్రిముల్ని చంపే కాంతి) చాలు. ఉప్పు తీయక్కర్లేని నీళ్లకి ఆర్వో పెడితే లీటరు మంచినీళ్లకి ఒకటి రెండు లీటర్లు కాలువలో పోతాయి, కరెంటు బిల్లు బడి నెత్తిన. సముద్రం పక్క బోరు నీళ్లయి, మీటరు వెయ్యి దాటిందనుకోండి, అప్పుడు ఆర్వోకి రండి.

పెట్టాల్సి వస్తే: 400 మంది పిల్లలు, తలకి లీటరున్నర, రోజుకి 600 లీటర్లు. గంటకి 250 లీటర్ల ప్లాంటు, 1,000 లీటర్ల స్టీలు ట్యాంకు సరిపోతాయి. వరస: ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, సున్నం పట్టకుండా మందు డోసరు, 5 మైక్రాన్ల కాట్రిడ్జి, హైప్రెషర్ పంపు, మెంబ్రేను (ఉప్పుని ఆపే పొర), యూవీ. కార్బన్ పాతబడితే క్లోరిన్ దాటుకొచ్చి మెంబ్రేనుని తినేస్తుంది. డోసరులో మందు అయిపోతే మెంబ్రేను మీద సున్నం కడుతుంది. కాట్రిడ్జి రెండు మూడు నెలలకోసారి, కార్బన్ ఏడాదికి, మెంబ్రేను రెండు మూడేళ్లకి.

ప్లాంట్లు చచ్చిపోయేది వాడకం వల్ల కాదు, వేసవి సెలవుల్లో. నెలన్నర మూసేస్తే లోపల క్రిముల జిగురు పట్టి, జూన్‌లో తెరిచేసరికి మెంబ్రేను కంపు. వారానికి రెండుసార్లు పావుగంట నడపాలి, అందుకు వాచ్‌మెన్‌కి తాళం, నేర్పు, నెలకి ఇంత అని కొంత డబ్బు. దాత పేరున్న పాలరాయి 4,000, సెలవుల్లో నడిపే మనిషికి సున్నా. ఇదీ మన బడ్జెట్టు!

చవక దారి ఒకటుంది. ట్యాంకు మూడు నెలలకోసారి కడిగించి, బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకి 6 నుంచి 8 గ్రాములు వేసి అరగంట ఆగాలి. కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు తగ్గకుండా కిట్టుతో చూడాలి. పది కుళాయిల చేతులు కడిగే తొట్టి, సబ్బు కట్టేందుకు వల సంచులు. సబ్బు బల్ల మీద పెడితే మాయం, వలలో వేలాడదీస్తే వారం ఉంటుంది.

గాజువాక కార్యదర్శి:

పాలరాయి మాట గుచ్చుకుంది, మా ముసాయిదాలో అదీ ఉంది :) మొక్కల సంగతి, డబ్బు లెక్కల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. సభ్యుల్లో సగం మంది ఫెలోషిప్ భోజనాలకే వస్తున్నారన్న గొడవ ఒకటి నడుస్తోంది.

లెక్కల పద్దు:

రెండు ఖాతాలు. ఒకటి పరిపాలనది: సభ్యుల చందా, హాలు అద్దె, భోజనాలు, అంతర్జాతీయ రుసుము, బ్యాడ్జీలు. రెండోది సేవది: జనం దగ్గర, కంపెనీల దగ్గర తెచ్చిన ప్రతి రూపాయి. సేవా ఖాతా నుంచి పరిపాలనకి ఒక్క రూపాయి కూడా పోకూడదు. లయన్స్‌లో ఇది రాసిపెట్టిన నియమం, మీది ఏ క్లబ్బైనా పాటించండి. ఫెలోషిప్ గొడవ సగం ఇక్కడే తీరుతుంది. భోజనం ఎవరి డబ్బో తెలిస్తే ఎవరూ మాట అనరు.

80జీ అని పిలిచే ఆదాయపన్ను మినహాయింపులో, నగదు విరాళం 2,000 దాటితే దాతకి మినహాయింపు రాదు, అందుకని చెక్కు లేదా యూపీఐ. రసీదు మీద క్లబ్బు పేరు కాదు, 80జీ నమోదు ఎవరి పేరునుందో ఆ ట్రస్టు పేరు ఉండాలి. స్టీలు ప్లాంటు చుట్టుపక్కల కంపెనీల దగ్గర సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) అడగాలంటే ముందు సీఎస్ఆర్-1 నమోదు చేయించుకోండి, లేకపోతే మీ ఉత్తరం చదవరు. విదేశాల్లో ఉన్న బంధువు పంపిస్తానంటే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని ఖాతాలో విదేశీ పౌరుడి డబ్బు ఒక్క డాలరు కూడా పడనివ్వొద్దు. చాలామందికి ఇది తెలీక చిక్కుల్లో పడతారు.

ఉసిరి చెట్టు:

ఫెలోషిప్‌ని తిట్టకండి. రాత్రి రెండింటికి ఎన్ఏడీలో గ్లాసులు కడిగే మనిషి దొరికేది ఆ భోజనాల దగ్గర కుదిరిన స్నేహం వల్లే. కాకపోతే ప్రతిసారీ హోటలు ఎందుకు? నెలకి రెండు సమావేశాలుంటే ఒకటి టీ, మిర్చి బజ్జీతో సరిపెట్టండి. కార్తీకంలో ముడసర్లోవ పార్కులోనో కంబాలకొండ వైపో వనభోజనాలు పెట్టండి, వంట సభ్యులదే. 38 మంది, ఇంట్లోవాళ్లతో 120 ఆకులు అనుకుంటే బియ్యం 14 కిలోలు, కందిపప్పు 4, కూరగాయలు 18, పెరుగు 15. పులిహోర కలిపితే బియ్యంలోంచే 4 కిలోలు దానికి. సమావేశం ఏడున్నరకి అంటే ఏడున్నరకే గంట కొట్టండి, వక్తకి ఇరవై నిమిషాలు, పరిచయం రెండు నిమిషాలు. పరిచయం పావుగంట సాగే క్లబ్బులో కుర్రాళ్లు ఉండరు.

మొక్కలు రెండు మాటల్లో: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఊరి పచ్చదనాన్ని ఊడ్చేశాక అందరూ తొందరగా పెరిగేవి నాటారు. తొందరగా పెరిగేది గాలికి తొందరగా విరుగుతుంది. కానుగ, వేప, పొగడ, పొన్న నాటండి. సముద్రం వైపు కానుగ, పొన్న ఉప్పుగాలిని తట్టుకుంటాయి. గొయ్యి రెండడుగులు లోతు, రెండడుగులు వెడల్పు. మొక్క మనిషెత్తు ఉండాలి, జానెడు మొక్కలు ఆవులకే. 1,000 కాదు, 40 చాలు, దాదాపు సభ్యుడికొకటి. డిసెంబరు నుంచి మే వరకు వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పోసేవాళ్ల పేరు రాశాకే గొయ్యి తవ్వండి.

గాజువాక కార్యదర్శి:

కార్యవర్గంతో మాట్లాడాను. చివరికి ఇలా తేలింది. ఎన్ఏడీలో రాత్రి స్టాలు, పాదాల బల్ల కలిపి 45,000. రక్తదానం రెండుసార్లు, మేలో ఒకటి, డెంగీ కాలంలో ఒకటి, బ్లడ్ సెంటరు చెప్పిన తేదీల్లో, 25,000. కంటి శిబిరం ఒకటే, వారం, నెల ట్రిప్పులతో కలిపి 1,30,000. బడిలో ఆర్వో కాదు, ట్యాంకు శుభ్రం, చేతుల తొట్టి, 60,000. మొక్కలు 40, కంచెలు, నీళ్లతో 25,000. మిగిలిన 15,000 చేతిలో ఉంచుతున్నాం, తుపాను వస్తే పనికొస్తుంది. శాలువాలు పరిపాలన ఖాతాకి మార్చగానే ఆ పద్దు దానంతటదే మాయమైంది.

ఒక్క సందేహం. 190 కిలోల పెరుగు ముందురోజు తెచ్చి ఉంచాలా, అదే రోజా? మా దగ్గర పెద్ద ఫ్రిజ్ లేదు.

అప్పుఘర్ అల:

అదే రోజు. డెయిరీకి వారం ముందు ఆర్డరు, సగం డబ్బు. ఆ రోజు జనం వల్ల రోడ్లు మూసేస్తారు కాబట్టి బండి మధ్యాహ్నం రెండు లోపు ఎన్ఏడీ చేరిపోవాలి, సాయంత్రం అయితే గోపాలపట్నంలోనే ఇరుక్కుంటుంది. రెండు విడతలుగా అడగొద్దు, రెండోది రాదు. పది కిలోల బకెట్లు 19. దిమ్మ ఐసు ఆరు, వరిపొట్టు గోనెసంచులు చుట్టి, పైన తడి గోనె. నాలుగు టబ్బుల్లో బకెట్లు మెడ దాకా మునిగేలా పెట్టండి, మూతలకి టేపు వేయండి, ఐసు కరిగిన నీళ్లు లోపలికి పోకుండా. ఉదయం మూడింటికి నాలుగైదు బకెట్లు మిగిలి ఉండాలి. మిగల్లేదంటే మొదటి గంటల్లో గ్లాసు మరీ నిండుగా పోశారన్నమాట.